మరక పోవాలి... లాంచీ మిగలాలి!

పడవ కడగడానికి పెద్ద తెలివితేటలేం కావాలి? బకెట్టు నీళ్ళు, గుప్పెడు సబ్బు పొడి, కాస్త ఒంటి బలం ఉంటే చాలు... చాలామంది లెక్క ఇదే. ఈ లెక్క తప్పడం వల్లే కొత్త బోట్లు నాలుగేళ్ళకే పాతబడి కనిపిస్తాయి. కడిగే కుర్రాళ్ళ చేతులు కాలతాయి. ఒక్కోసారి ప్రాణాల మీదికీ వస్తుంది. ఏ మరకకు ఏ మందు వాడాలో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, పడవా మిగులుతుంది.

గోదావరి వరద తీసింది. ఎర్రనీళ్ళు మెల్లగా తేటపడుతున్నాయి. రెండు మూడు నెలలుగా రేవులో కట్టేసి ఉన్న లాంచీలకు మళ్ళీ పని మొదలవబోతోంది. కార్తీకమాసం వచ్చిందంటే పాపికొండలు చూడ్డానికి జనం బారులు తీరతారు. ఆలోగా లాంచీ లోపలా బయటా తళతళలాడిపోవాలి.

ఇలాంటి రోజుల్లో రాజమండ్రి రేవులో ఒక లాంచీ యజమాని రాసే సరుకుల చీటీ ఎలా ఉంటుందో చూడండి. బాత్‌రూమ్ యాసిడ్ అయిదు లీటర్లు, బ్లీచింగ్ పౌడర్ అయిదు కిలోలు, కాస్టిక్ సోడా కిలో, నల్ల ఫినాయిల్ రెండు డబ్బాలు, సబ్బు పొడి మూడు కిలోలు, థిన్నర్ రెండు లీటర్లు, ఇనుప పీచు ఒక డజను. "ఎంత ఘాటుదైతే అంత బాగా పోతుంది" అన్నది ఆయన నమ్మకం.

చీటీ చూసిన ముసలి సరంగు ఏమంటాడు? "అయితే ఈ ఏడు మరకలతోపాటు లాంచీ కూడా పోద్దండి బాబుగారూ!" అంటాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే మరి.

కొట్టుకు వెళ్ళే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పోవాల్సిన మరక ఏమిటి? అది అంటుకున్నది దేనికి... ఇనుముకా, ఫైబరుకా, చెక్కకా? కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే చీటీలో సగం సరుకులు వాటంతటవే కొట్టేసుకుపోతాయి.

ముందు మరక సంగతి

మరకలన్నీ ఒక్కటి కావు. వరద వదిలివెళ్ళిన ఒండ్రుమట్టికి అసలు మందే అక్కర్లేదు. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. కాకపోతే ఎండకముందే కడగాలి. ఎండిన ఒండ్రులో సన్నటి ఇసుక ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే.

డీజిలు పొగ మసి, ఇంజనాయిలు, వంటగదిలో పోపు జిడ్డు... ఇవి నూనె జాతివి. నీళ్ళకు లొంగవు. సబ్బుకో, డిటర్జెంటుకో లొంగుతాయి. సబ్బు రేణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. అలా జిడ్డును నీళ్ళలోకి లాక్కుపోతుంది.

ఇనుము తుప్పు మరకలూ, పడవ పక్కన నీటి మట్టం దగ్గర గీత గీసినట్టు పట్టే పసుపు రంగు మరకలూ ఎంత సబ్బు పెట్టినా కదలవు. వాటికి పులుపు కావాలి, అంటే ఆమ్లం. అన్నిటిలోకి అనువైనది ఆగ్జాలిక్ యాసిడ్. మొజాయిక్, చలవరాతి నేలలు పాలిష్ పట్టేవాళ్ళకు బాగా తెలిసిన తెల్లటి పొడి ఇది. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త కలిపి, గుడ్డతో అద్ది, కొద్ది నిమిషాలు ఆగి, ధారాళంగా నీళ్ళు పోస్తే తుప్పు మరక విడిపోతుంది. ఇది చూడ్డానికి పంచదారలా ఉంటుంది, కానీ విషం. చేతికి తొడుగులు ఉండాలి. వంటసామాన్ల దరిదాపుల్లో పెట్టకూడదు.

మరుగుదొడ్లో, పంపుల చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకునేది సున్నపు గార. దానికీ పులుపే మందు. అయితే ఇంత దానికి బాత్‌రూమ్ యాసిడ్ అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, లేదంటే వెనిగర్ చాలు. కాస్త సమయం ఇవ్వాలి, అంతే.

ఇక బూజు. వానాకాలమంతా తలుపులు మూసి ఉన్న క్యాబిన్‌లో రెగ్జిన్ సీట్ల మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది మురికి కాదు, బతికి ఉన్న శిలీంద్రం. తుడిచినా, తడి ఉన్నంతకాలం మళ్ళీ వస్తుంది. దాని అసలు మందు సీసాలో లేదు... గాలీ, ఎండా!

ఒళ్ళు చూసి మందు

మరక తెలిసింది. ఇప్పుడు అది దేనికి అంటుకుందో చూడాలి. ఒక చోట అమృతంలా పనిచేసేది ఇంకో చోట విషమవుతుంది.

గోదావరి లాంచీల ఒళ్ళు చాలావరకు ఇనుమే. తుప్పు కనిపించగానే బాత్‌రూమ్ యాసిడ్ పోసేవాళ్ళున్నారు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పును తింటుంది, నిజమే. తుప్పు అయిపోయాక ఇనుమునూ తింటుంది. అక్కడితో ఆగదు. సందుల్లో మిగిలిపోయిన క్లోరైడు కొద్ది రోజుల్లోనే కొత్త తుప్పు పుట్టిస్తుంది. తుప్పును గీకి, తీగల బ్రష్షుతో రుద్ది, దుమ్ము తుడిచి, ఆరిన వెంటనే ప్రైమరు వేయడమే సరైన పద్ధతి. గీకలేని చోట ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన తుప్పు మందులు దొరుకుతాయి. అవి తుప్పును గట్టి పొరగా మారుస్తాయి. దాని మీద రంగు నిలుస్తుంది.

ఫైబర్ బోట్ల కథ వేరు. పైకి నిగనిగలాడుతూ కనిపించేది జెల్‌కోట్ అనే పొర. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. బోటుకు ఉన్న అందమంతా, రక్షణంతా ఆ అర మిల్లీమీటరులోనే ఉంది. ఇనుప పీచుతోనో, గిన్నెలు తోమే గరుకు పొడితోనో రుద్దిన ప్రతిసారీ అది కొంత అరిగిపోతుంది. పైగా ఇనుప పీచు ముక్కలు సన్నటి గీతల్లో ఇరుక్కుని, మర్నాటికి తుప్పు చుక్కలై తేలతాయి. ఫైబరుకు మంచిది గాఢత తక్కువున్న డిటర్జెంటు, మెత్తటి స్పాంజి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మైనం పాలిష్ పడితే ఎండ దెబ్బకు తెల్లటి సుద్దలా రాలిపోకుండా ఉంటుంది. గిన్నెలు తోమే ద్రవంతో పదేపదే కడిగితే జిడ్డుతోపాటు ఆ మైనమూ పోతుంది. కడిగినవాడికి మాత్రం బోటు ఎందుకు మసకబారిందో అర్థం కాదు.

ఒక జాగ్రత్త. పాలిష్ పక్కలకే, మెట్లకూ జనం నడిచే డెక్కుకూ కాదు! మెరుపు కోసం అక్కడ మైనం రుద్దితే, తడికాళ్ళతో ఎక్కే మొదటి ప్రయాణికుడు జారి పడతాడు.

అల్యూమినియం రేకులు, కిటికీ చట్రాల దగ్గరికి కాస్టిక్ సోడాను రానివ్వకూడదు. ఆ లోహాన్ని కాస్టిక్ కరిగించేస్తుంది. కరిగేటప్పుడు బుసబుసమని వచ్చేది హైడ్రోజన్. అది మండే వాయువు. స్టెయిన్‌లెస్ స్టీలు పిట్టగోడ కమ్మీలకు శత్రువు బ్లీచింగ్. ఆ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద కంటికి కనిపించని పల్చటి క్రోమియం ఆక్సైడు పొర. క్లోరైడు ఆ పొరను అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. 'తుప్పు పట్టని స్టీలు' మీద టీ మరకల్లాంటివి రావడానికి కారణం అదే.

కిటికీలు గాజువి అయితే ఏదైనా వాడొచ్చు. కానీ చాలా బోట్లలో ఉండేది యాక్రిలిక్ అద్దం, అంటే ప్లాస్టిక్. అమోనియా కలిసిన గ్లాస్ క్లీనర్లు, స్పిరిట్, థిన్నర్ దానికి తగిలితే సాలెగూడులాంటి సన్నటి పగుళ్ళు వస్తాయి. ఆ తర్వాత పాపికొండలు పొగమంచు లేని రోజునా మసకగానే కనిపిస్తాయి. నీళ్ళు పోసి దుమ్ము జారిపోయాక, సబ్బునీళ్ళతో మెత్తటి నూలుగుడ్డ పెట్టి తుడిస్తే సరిపోతుంది.

చెక్కకు ఎక్కువ నీళ్ళూ పనికిరావు, ఎక్కువ ఘాటూ పనికిరాదు. టేకు పలకల్ని చార వెంట కాకుండా అడ్డంగా, మెల్లగా రుద్దాలి. చార వెంట గట్టిగా తోమితే మధ్యనున్న మెత్తటి భాగం కొట్టుకుపోయి, గాడులు పడతాయి. చెక్కకు నూనె పట్టించిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. కొన్ని నూనెలు ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో చిక్కుకున్న వేడితో గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. వాటిని పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో తడిపి పారేయాలి.

లోపలి శుభ్రం... లోపలివాళ్ళ క్షేమం

ప్రయాణికుడు లాంచీ బయటి రంగును ఒక్క నిమిషం చూస్తాడు. లోపల రోజంతా కూర్చుంటాడు. అందుకే లోపలి మందులు మరింత జాగ్రత్తగా ఎంచుకోవాలి.

రెగ్జిన్ సీట్లకు ముందుగా గాఢత తక్కువున్న సబ్బునీళ్ళు వాడాలి. బూజు మిగిలితే వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడవొచ్చు. చాలామంది నేరుగా బ్లీచింగ్ నీళ్ళు పోస్తారు. చుక్కలు తెల్లబడతాయి, సీటు కొత్తగా కనిపిస్తుంది. కానీ కుట్లలో దారం బలహీనపడుతుంది. సీజను సగంలో సీట్లు అతుకుల దగ్గర విచ్చుకుంటాయి.

మరుగుదొడ్డికి నల్ల ఫినాయిల్ అలవాటైన వాసన. ఫినాయిల్ వాసన రాకపోతే కడగలేదనుకునే జనమూ ఉన్నారు. కానీ బోటు మరుగుదొడ్లో రబ్బరు వాచర్లు, కవాటాలు ఉంటాయి. నూనెతో తయారైన ఫినాయిళ్ళు వాటిని ఉబ్బేలా చేస్తాయి. అక్కడ గార కోసం వారానికోసారి నిమ్మ ఉప్పు నీళ్ళు, రోజూ మామూలు సబ్బునీళ్ళు మేలు.

క్రిములు చావాలంటే బ్లీచింగ్ పౌడర్ మంచి మందే. వాడే క్రమమే చాలామందికి తెలియదు. ముందు కడగాలి, ఆ తర్వాతే క్లోరిన్ నీళ్ళు. మురికి మీదే పోస్తే క్లోరిన్ బలమంతా మురికితోనే అయిపోతుంది, క్రిముల దాకా రాదు. కొలత కూడా తక్కువే. మంచి బ్లీచింగ్ పౌడరులో దాదాపు మూడో వంతు పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్ల నీళ్ళకు 3 గ్రాములు కలిపితే 100 పీపీఎం ద్రావణం తయారవుతుంది. కడిగిన బల్లలకు, నేలకు అది చాలు. అయిదు కిలోల సంచీ కొంటే సీజను గడిచినా తరగదు. ఈలోగా తేమ తగిలి దాని బలమూ పోతుంది.

వాసన పోవడానికి వంటసోడా పనికొస్తుంది. వెనిగరూ పనికొస్తుంది. రెండూ కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు. పులుపూ సోడా ఒకదాన్నొకటి చంపేసుకున్నాక మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ళే!

అన్నిటికంటే ముఖ్యమైనది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత దాని విలువ గోదావరి ఒడ్డున ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాంటి జాకెట్టును కడిగేటప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు. చెమట వాసన వస్తోందని బ్లీచింగులో నానబెడతారు. గ్రీజు మరకైందని పెట్రోలుతో తుడుస్తారు. ఆరడానికి మండుటెండలో రోజుల తరబడి పడేస్తారు. గుడ్డ, కుట్లు, లోపలి ఫోము... మూడూ దెబ్బతింటాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అవసరానికి పట్టీ ఊడొస్తుంది. గాఢత తక్కువున్న సబ్బునీళ్ళతో చేత్తో తుడిచి, మంచినీళ్ళతో జాడించి, గాలి తగిలే నీడలో వేలాడదీయాలి. మోకులకూ ఇదే పద్ధతి. నైలాను తాడుకు ఆమ్లం పడదు, పాలియెస్టరు తాడుకు ఘాటు క్షారం పడదు. ఏ తాడు ఏదో తెలియనప్పుడు మామూలు సబ్బునీళ్ళే శ్రీరామరక్ష.

ఈ రెండూ కలిస్తే...

యజమాని చీటీలో మొదటి రెండు సరుకులు గుర్తున్నాయా? యాసిడ్, బ్లీచింగ్ పౌడర్. విడివిడిగా రెండూ మందులే. రెండూ ఒకచోట కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం ఎదుటివాళ్ళ కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే.

అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, కిందికి దిగుతుంది. కందకంలోకి ఎలా దిగిందో లాంచీ క్యాబిన్‌లోకీ అలాగే దిగుతుంది. మరుగుదొడ్లో గార పోవడానికి ఒక కుర్రాడు యాసిడ్ పోసి వెళతాడు. వాసన పోవడానికి ఇంకో కుర్రాడు వచ్చి బ్లీచింగ్ చల్లుతాడు. వాళ్ళ తప్పేం లేదు... ఎవరూ చెప్పలేదు! ముందు గొంతు మంట, ఆపైన దగ్గు, ఊపిరాడకపోవడం. ఇరుకు గదిలో ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆగ్జాలిక్ యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్... ఏ పులుపునూ బ్లీచింగ్‌తో కలపకూడదు. అమోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. అప్పుడు పుట్టే క్లోరమైన్లూ ప్రమాదకరమే.

బ్లీచింగ్ పౌడర్ సంచీని డీజిలు, నూనె డబ్బాల పక్కన పెట్టడమూ మంచిది కాదు. నూనె జాతి పదార్థాలు తగిలితే అది వేడెక్కి మంట పుట్టించగలదు.

ఇంకో కనిపించని శత్రువు ఉంది. ఇనుప లాంచీల అడుగున నెలల తరబడి మూసి ఉంచిన అరలు ఉంటాయి. లోపల ఇనుము తుప్పు పడుతూ ఉంటుంది. తుప్పు పట్టడానికి ఆక్సిజన్ కావాలి కదా... అరలో ఉన్న ఆక్సిజన్‌నే అది వాడేసుకుంటుంది. మూత తీసీ తీయగానే బకెట్టుతో దిగిన మనిషి కూలిపోతాడు. వాసన ఉండదు, పొగ ఉండదు. అతన్ని తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మూతలన్నీ తీసి, గాలి బాగా కొట్టించి, లోపలి గాలి మంచిదేనని తెలిసిన మనిషితో పరికరం పెట్టించి చూసుకున్న తర్వాతే దిగాలి. పైన ఒక మనిషి కాపలా ఉండాలి. ఈ ఒక్క విషయంలో తొందరకు క్షమాపణ లేదు.

ఇంజను కింద నల్లనీళ్ళు

లాంచీ అడుగున, ఇంజను కింద నీళ్ళు చేరే గొయ్యి ఉంటుంది. కారిన డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు అన్నీ అక్కడికే దిగుతాయి. ఆ నల్లనీళ్ళ మీద సబ్బు పొడి చల్లి, కలియబెట్టి, పంపు పెట్టి బయటికి తోడేయడం పాత అలవాటు. నీళ్ళ మీద తెట్టులా తేలే నూనె సబ్బు వేశాక కనిపించదు. పోయిందనుకుంటారు. ఎక్కడికీ పోలేదు. సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్ళలో కలిసిపోయింది. తేలే నూనెను పైనుంచి తీయొచ్చు, కలిసిపోయినదాన్ని ఎవరూ తీయలేరు.

నూనెను మాత్రమే పీల్చుకునే ప్యాడ్లు దొరుకుతాయి. అవి నీటిని వదిలి నూనెనే పట్టుకుంటాయి. దొరక్కపోతే పాత నూలుగుడ్డలతో పైనుంచి అద్ది తీసి, డబ్బాలో పోసి, వాడేసిన ఇంజనాయిలు కొనేవాళ్ళకు ఇవ్వాలి. మిగిలిన జిడ్డునే అప్పుడు కొద్దిపాటి డిటర్జెంటుతో తుడవాలి. ఇంజను భాగాలు కడగడానికి పెట్రోలు, థిన్నర్ వాడొద్దు. వాటి ఆవిర్లు కూడా గాలి కంటే బరువే. గొయ్యిలో మడుగు కట్టి, ఒక స్విచ్చు నొక్కినప్పటి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి.

ఉప్పునీటికి వెళితే

నది దాటి కాకినాడ, ఉప్పాడ, విశాఖ వైపు వెళితే శత్రువు మారుతుంది. అక్కడ ఉప్పు. కోస్తాలో ఇప్పుడు చాలాచోట్ల ఫైబర్ తెప్పలే కనిపిస్తాయి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని లోహాన్ని ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. దానికి అన్నిటికంటే మంచి మందు అన్నిటికంటే చవకైనది... మంచినీళ్ళు. వేట నుంచి రాగానే ఇంజనునూ లోహపు భాగాలనూ మంచినీళ్ళతో కడిగితే, ఆ తర్వాత కొనాల్సిన సీసాలు సగానికి తగ్గుతాయి. సముద్రపు నీళ్ళతో బట్టల సబ్బు పెట్టి రుద్దేవాళ్ళకు నురగ రాదు. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. ఉప్పునీళ్ళతో కడగక తప్పకపోతే డిటర్జెంటే వాడాలి.

నీళ్ళలోనే ఉండే పడవల అడుగుకు నాచు, దాని వెనకే గుల్లలు పడతాయి. గుల్లలు పట్టిన పడవ నీటిని ఈడ్చుకుంటూ వెళుతుంది, డీజిలు తాగేస్తుంది. వాటిని తీయడం కంటే పట్టకుండా చూడటం తేలికని అడుక్కి విషపు రంగులు పూస్తారు. ఈ రంగులు నేర్పిన గుణపాఠం ఒకటుంది.

1960ల తర్వాత ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం కలిపిన రంగులు ప్రపంచమంతా వాడుకలోకి వచ్చాయి. గుల్ల అన్నది అంటకుండా చేసేవి. అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకందార్లు తలలు పట్టుకున్నారు. ఆల్చిప్పల పెంకులు వికారంగా మందమెక్కాయి, పిల్లలు బతకలేదు. అఖాతం నిండా లంగరేసిన షికారు పడవల అడుగు రంగే కారణమని తేలింది. 1982లో ఫ్రాన్సు 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగుల్ని కట్టడి చేసింది. ప్రపంచవ్యాప్త నిషేధానికి ఒప్పందం 2001లో కుదిరితే, అది అమలులోకి వచ్చేసరికి 2008 సెప్టెంబరు అయింది. గుల్లను చంపే మందుకు ఆల్చిప్పా గుల్లలాగే కనిపించింది!

ఇప్పటి రంగుల్లో ఎక్కువగా ఉండేది రాగి. అదీ విషమే. అందుకే అడుగు రంగును నీళ్ళలో ఉండగా గట్టిగా తోమకూడదు. ఒడ్డుకు లాగి, కింద టార్పాలిన్ పరిచి గీకాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. రాలిన పొడిని ఎత్తి దూరంగా వేయాలి.

నురగ ఎటు పోతుంది?

మూడో ప్రశ్న మిగిలింది. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఇంట్లో కడిగితే తూములోకి పోతాయి. లాంచీ మీద కడిగితే గోదావరిలోకే. ఆ నీరే ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్ళుతుంది. కోనసీమ ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపేది ఆ కాలువలే. పులస ఎదురీదేదీ ఆ నీళ్ళలోనే.

డిటర్జెంటు జిడ్డును పట్టుకుంటుందని ముందే చెప్పుకున్నదే. చేప మొప్పల మీదా అదే పని చేస్తుంది. మొప్పలను కాపాడే జిగురు పొరను కడిగేస్తుంది. చేపకు ఊపిరి అక్కడే కదా! సీసా మీద 'బయోడిగ్రేడబుల్' అని ఉంటే భయం లేదనుకుంటారు. సూక్ష్మజీవులు దాన్ని కొన్నాళ్ళకు విడగొడతాయని మాత్రమే దాని అర్థం. ఆ కొన్నాళ్ళూ దాని పని అది చేస్తూనే ఉంటుంది.

పోనీ, కుంకుడుకాయ వాడితే? ఫైబరుకూ రెగ్జినుకూ హాని లేదు. తలంటుకునేదే కదా, చేపకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ కుంకుడు నురగకు కారణమైన సాపోనిన్లు చేపలకు పరమ విషం. ఆ జాతి కాయల్ని దంచి మడుగుల్లో కలిపి చేపలు పట్టిన జనాలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నారు. చెట్టు నుంచి వచ్చిందంటే నదికి మంచిదని కాదు. ఏది వాడినా తక్కువ వాడటం, ఒడ్డు మీద వాడటం... దారి ఇదొక్కటే. లాంచీని గట్టుకు లాగినప్పుడే పెద్ద కడుగుడు పెట్టుకోవాలి. ఆ నీళ్ళు నేలలో ఇంకిపోతే, మట్టిలోని సూక్ష్మజీవులు మిగతా పని చూసుకుంటాయి. నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ తడిగుడ్డ, బ్రష్షులతో సరిపెట్టుకోవాలి.

చట్టమూ ఇదే చెబుతోంది. నదిలోకి విషపదార్థాలు వదలడాన్ని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం నిషేధించింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం నదుల్లో తిరిగే పడవల నుంచి కాలుష్యం రాకుండా ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టింది. అయితే తెల్లవారుజామున రేవులో ఎవరు ఏం తోడి పోశారో చూడ్డానికి ఏ అధికారీ ఉండడు. అక్కడ ఉండేది సరంగే.

కొత్త చీటీ

సరంగు మాట విని యజమాని చీటీ తిరగరాస్తే కాస్టిక్ పోతుంది. బాత్‌రూమ్ యాసిడ్ పోతుంది. నల్ల ఫినాయిల్, థిన్నర్, ఇనుప పీచు పోతాయి. అయిదు కిలోల బ్లీచింగ్ అరకిలో అవుతుంది. కొత్తగా చేరేవి చిన్నవే. ఖర్చు చూసుకుంటే మునుపటి కంటే తక్కువే ఉంటుంది.

'మెరైన్' అని రాసి పడవ బొమ్మ వేసిన సీసాల మోజులోనూ పడక్కర్లేదు. బొమ్మ కాదు, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న పదార్థాల పేర్లు చూడాలి. అవే పదార్థాలు ఇంటి సరుకుల్లో సగం ధరకు దొరకవచ్చు. పాలిష్, అడుగు రంగు లాంటి కొన్నింటికి మాత్రం పడవల కోసం చేసినవే కొనడం మంచిది. ఏది కొన్నా ముందు మూలన, ఎవరికీ కనిపించని చోట, అరచేతి మేర రాసి ఒక రోజు ఆగి చూడాలి.

చివరగా ఒక్క పని. కొత్త చీటీ సరుకులు రాగానే వాటిని కలాసీ కుర్రాడి చేతిలో పెట్టేసి వెళ్ళిపోకూడదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏది దేనికో, ఏది దేనితో కలపకూడదో చెప్పాలి. చదువు రానివాడైతే డబ్బాల మీద ఎర్రరంగు, నీలంరంగు పూసి చూపించాలి. పులుపులన్నీ ఒక పెట్టెలో, బ్లీచింగ్ వేరే పెట్టెలో, రెండిటి మధ్యా లాంచీ పొడుగంత దూరం! కార్తీకమాసంలో ఎక్కిన జనం లాంచీ మెరుపు చూసి మురిసిపోతారు. దాన్ని కడిగిన కుర్రాడు సాయంత్రం ఇంటికి క్షేమంగా వెళ్ళాడా లేదా అన్నది వాళ్ళకు తెలియదు. యజమానికి తెలియాలి.

లాంచీ పెట్టెలో ఉండాల్సినవి

• గాఢత తక్కువున్న డిటర్జెంటు ద్రవం: రోజువారీ శుభ్రానికి, ఫైబరుకు, సీట్లకు, లైఫ్ జాకెట్లకు.

• నిమ్మ ఉప్పు లేదా వెనిగర్: గారకు, బూజుకు.

• ఆగ్జాలిక్ యాసిడ్: ఫైబరు మీది తుప్పు, పసుపు మరకలకు మాత్రమే. తొడుగులు తప్పనిసరి.

• బ్లీచింగ్ పౌడర్, అరకిలో: మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, పులుపులకూ నూనెలకూ దూరంగా.

• వంటసోడా: వాసనలకు.

• నూనె పీల్చే ప్యాడ్లు, పాత నూలుగుడ్డలు: ఇంజను కింది నీళ్ళకు.

• మైనం పాలిష్: పక్కలకే, డెక్కుకు కాదు.

• మెత్తటి బ్రష్షులు, స్పాంజీలు, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కులు.